కుడికి తిప్పిన చేతులు

వెల్డా ప్రూయిట్‌కు మనుషుల మాట మీద నమ్మకం పోయి ఇరవై ఆరేళ్లయింది. అంతకుముందు కాస్త ఉండేది. ఆమె మొగుడు లైల్ ప్రతి గురువారం బౌలింగ్‌కని వెళ్లేవాడు. తిరిగొచ్చాక స్కోరెంత అని అడిగితే నూట నలభై రెండు అనేవాడు. వరసగా ఐదు గురువారాలు అదే నూట నలభై రెండు. ఆరో గురువారం వెల్డా ఆ హాలుకు ఫోన్ చేసింది. లైల్ ప్రూయిట్ అనే మనిషి అక్కడ ఒక్కసారి కూడా బూట్లు అద్దెకు తీసుకోలేదని తేలింది. తర్వాత లైల్ ఇల్లొదిలి పోయాడు, అనుమానం మిగిలింది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, వెల్డాకు మాత్రం అదే కూడు పెట్టింది.

బర్బాంక్‌లో ఆమె పనిచేసే చోటు ఒక పరీక్ష హాలు. పరీక్ష మనుషులకు కాదు, టీవీ షోలకు. కొత్త షోను జనంలోకి వదిలే ముందు నలభై మంది మామూలు మనుషుల్ని తెచ్చి, కుర్చీల్లో కూర్చోబెట్టి చూపిస్తారు. ప్రతి కుర్చీ చేతికి ఒక నాబ్ ఉంటుంది. చూస్తున్నది నచ్చితే కుడికి తిప్పాలి, నచ్చకపోతే ఎడమకి. నలభై చేతులు తిప్పిన తిప్పుడంతా కలిసి, వెనకగదిలో తెర మీద సున్నాకీ వందకీ మధ్య ఒక గీతగా నడుస్తుంది. గీత పైన నడిస్తే షో బతికినట్టు. కిందికి జారితే ఆ షో రాసినవాళ్లు ఇంకో పని వెతుక్కోవచ్చు.

ఆ నలభై మందినీ ఏరడం, హాల్లో ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పడం వెల్డా పని. మొదట్లో షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర అట్ట పట్టుకుని నిలబడి, "మీ ఇంట్లో ఎవరైనా టీవీలో పనిచేస్తున్నారా?" అని దారిన పోయేవాళ్లను అడిగేది. అందరూ లేదనేవారు. బర్బాంక్‌లో ఆ మాట నమ్మేవాడు ఉంటే వాడికి వైద్యం చేయించాలి. ఇచ్చే యాభై డాలర్ల కోసం జనం ఎన్ని వేషాలైనా వేస్తారు. మార్చిలో ప్లంబర్‌నని వచ్చి కూర్చున్నవాడు మే నెలలో పళ్ల డాక్టరై వచ్చాడు. వెల్డా వాడి గోళ్ల కింద మురికి చూసి గుమ్మంలోనే ఆపేసింది.

"కాగితం మీద జనం మర్యాదకి అబద్ధం రాస్తారు. చెయ్యి అబద్ధం ఆడదు" అనేది ఆమె. షో అయ్యాక జనం రాసిచ్చే అభిప్రాయాల కాగితాలను అందుకే విప్పి కూడా చూసేది కాదు. ఆ మాట ఎంత పేరు మోసిందంటే, చానెల్‌లో షోలు ఎంచే పెద్దమనిషి కార్టర్ ఓల్‌స్టెడ్ దాన్ని తన సొంత మాటలా మీటింగుల్లో వాడుకునేవాడు. వెల్డాకు అది తెలుసు. లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఏడాది వసంతంలో 'సాటిలేనివాడు' అనే షో పరీక్షకు వచ్చింది. హీరో ఎగురుతాడు, వంతెనలు ఎత్తుతాడు, నీటిలోంచి రైళ్లు లాగుతాడు. అదంతా మామూలే. తేడా ఏమిటంటే వాడికి ఒళ్లంతా పొగరు. ప్రాణాలు కాపాడిన మనిషినే నీకు ఈతెందుకు రాదని తిడతాడు. జనం చప్పట్లు కొడుతుంటే గడ్డం పైకెత్తి, "మీ చప్పట్లు నాకు అక్కర్లేదు. అలాగని ఆపకండి" అంటాడు. అదీ గొంతు పెంచకుండా, పెదవి కదిలీ కదలనట్టు. పొగరున్నవాడు అరవడని, ఎదుటివాడే చెవి ఒగ్గాలనుకుంటాడని ఆ షో రాసిన డెనీస్ ఒకాంపో పట్టుబట్టి అలా చేయించింది.

సోమవారం ఆ షోను ముందుగా వెనకగదిలో వేసుకుని చూశారు. మిషన్లు నడిపే హ్రాచ్ గ్లెండేల్ నుంచి వచ్చే అర్మేనియన్. పదిహేనేళ్లుగా వెల్డా పక్కన కూర్చుంటున్నాడు.

"వీణ్ణి చూస్తే మా బావమరిది గుర్తొస్తున్నాడు, వెల్డా జాన్. ఎగరడం ఒక్కటే రాదు వాడికి" అన్నాడు హ్రాచ్. జాన్ అంటే వాళ్ల భాషలో ముద్దుపిలుపు.

"మీ బావమరిదిని వారం వారం గంటసేపు కూర్చుని చూస్తావా నువ్వు?"

"చూడక చస్తానా? ప్రతి ఆదివారం భోజనానికి దిగుతాడు."

డెనీస్ నవ్వలేదు. ముప్పై ఒక్కేళ్ల పిల్ల, నాలుగేళ్లు ఈ షో మీదే కూర్చుంది. "మంచి హీరోని జనం మెచ్చుకుంటారు, మిసెస్ ప్రూయిట్. మెచ్చుకుంటూనే లేచెళ్లి ఫ్రిజ్ తీస్తారు. పొగరుబోతునైతే కదలకుండా చూస్తారు, ఎప్పుడు పడతాడా అని."

"పడతాడా మరి?"

"ఆరో ఎపిసోడ్‌లో పడతాడు."

"ఆరో ఎపిసోడ్ దాకా ఎవరు కూర్చుంటారమ్మాయ్? ఇలాంటివాణ్ణి ఇంట్లో భరించలేకే కదా టీవీ పెట్టుకునేది." వెల్డాకు ఆ హీరో ఏ కోశానా నచ్చలేదు. ఇంతకాలంలో ఇలాంటి పొగరుబోతు హీరోలను ఏడుగురిని చూసింది. ఏడుగురి గీతలూ మొదటి పావుగంటలోనే నేల చూశాయి.

మంగళవారం పరీక్ష. గీత సగటున యాభై దాటకపోతే షో అటకెక్కించేస్తానని ఓల్‌స్టెడ్ ముందే చెప్పేశాడు. అలవాటుగా వచ్చే బర్బాంక్ జనం మీద వెల్డాకు నమ్మకం లేదు. వాళ్లు షో చూడరు, తెలివి చూపిస్తారు. అందుకని ఈసారి ఉత్తరాన ఎడారి అంచున ఉన్న లాంకాస్టర్ నుంచి ఒక ముసలివాళ్ల క్లబ్బును బస్సులో రప్పించింది. ఈ హాలు మొహం ఎన్నడూ చూడని, ఎవరూ చెడగొట్టని నలభై మంది. ఆ ఏర్పాటు తలచుకుని పొద్దుటినుంచీ తన భుజం తనే తట్టుకుంటోంది.

ఆ రోజు ఏసీ చెడి నలభై నిమిషాలు ఆలస్యమైంది. హాలుకీ వెనకగదికీ మధ్యనున్న అద్దం వెనక ఓల్‌స్టెడ్ వాచీ చూసుకుంటున్నాడు. ప్రతిసారీ షోకి ముందు రెండు నిమిషాల సూప్ ప్రకటన ఒకటి వేసి, జనంతో నాబ్ అటూ ఇటూ తిప్పించి చూసుకోవడం ఆనవాయితీ. వెల్డా అది వదిలేయమని హ్రాచ్‌కు సైగ చేసి, కంఠతా వచ్చిన ప్రసంగాన్ని నాలుగు ముక్కల్లో ముగించింది. "నాబ్ మీ కుడిచేతి కిందే ఉంది. సంగతి మీకు తెలిసిందే. ఎప్పటికప్పుడు మీకెలా కావాలో అలా తిప్పుతూ ఉండండి."

దీపాలు ఆరాయి. తర్వాత వెనకగదిలో తెర మీద కనిపించింది ఎవరూ ఎరగని వింత. సాటిలేనివాడు పెదవి విప్పగానే గీత ఎనభై దాటింది. వాడు మేయర్‌ను చులకన చేస్తే ఎనభై ఆరు. ముసలి కాపలావాణ్ణి వెక్కిరిస్తే తొంభై. వంతెన పేలి, కార్లు నదిలో పడి, సంగీతం హోరెత్తిపోతుంటే మాత్రం గీత ఇరవైకి పడిపోయింది. వాడు మళ్లీ గొణగగానే లేచింది.

"పేలుడుకి గీత పడిపోవడం నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాడు హ్రాచ్.

ఓల్‌స్టెడ్ కళ్లు మెరిశాయి. "జనానికి పోట్లాటలు మొహం మొత్తాయయ్యా. వాళ్లకి కావలసింది పొగరు. ఆ వంతెన తీసేద్దాం. వాణ్ణి నిలబెట్టి మాట్లాడిద్దాం, చాలు." సగటు డెబ్బై ఎనిమిది. అక్కడికక్కడే పైవాళ్లకు ఫోన్లు కొట్టాడు.

వెల్డా మెదడులో పాత పురుగు దొలచడం మొదలుపెట్టింది. వరసగా ఐదు గురువారాలు నూట నలభై రెండు వచ్చినప్పుడు దొలిచిన పురుగే అది.

దానికి మేత కూడా దొరికింది. షో మొదలయ్యే ముందు వరండాలో డెనీస్ ఒక ముసలావిడను కౌగిలించుకోవడం ఆమె కళ్లారా చూసింది. ఇద్దరూ ఏదో తమ భాషలో మాట్లాడుకుని నవ్వుకున్నారు. షో రాసినవాళ్లు చూసేవాళ్లతో పలకరింపులు పెట్టుకోకూడదన్నది అక్కడ గట్టి నియమం. వెల్డా జాబితా తీసింది. పద్నాలుగో కుర్చీ, పురిఫికసియోన్ బటిస్టా, ఎనభై రెండేళ్లు, లాంకాస్టర్. కుర్చీలవారీ లెక్క చూస్తే, నలభై మందిలో అందరికన్నా జోరుగా తిప్పిన చెయ్యి ఆవిడదే. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

బుధవారం పొద్దున ఓల్‌స్టెడ్‌తో, "నాకు రేపటిదాకా టైమివ్వండి. ఆ గీతలో ఏదో ఉంది. జనాన్ని ఎవరో ముందే మేనేజ్ చేశారనిపిస్తోంది" అంది.

ఓల్‌స్టెడ్ మొహం వాడిపోయింది. "అదే నిజమైతే ఆ అమ్మాయికి ఈ ఊళ్లో నూకలు చెల్లినట్టే. నువ్వు సంతకం పెట్టి ఇయ్యి, మిగతాది నేను చూసుకుంటాను."

బయట వరండాలో డెనీస్ ఎదురైంది. వెల్డా దాపరికం పెట్టుకోలేదు.

"పద్నాలుగో కుర్చీ ఆవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు. బాత్రూం ఎక్కడని మా భాషలో అడిగింది. తీసుకెళ్లాను."

"కౌగిలించుకున్నావు."

"ఆవిడే కౌగిలించుకుంది. మా పెద్దవాళ్లంతే, మిసెస్ ప్రూయిట్. ముక్కూమొహం తెలియనివాళ్లనైనా హత్తుకుంటారు." డెనీస్ ఒకడుగు దగ్గరికొచ్చింది. "నేను ఆవిడతో మాట కలపకుండా ఉండాల్సింది, నిజమే. కానీ మీరు అనుమానం అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఈ షో సంగతి సరే, ఇంకెవరూ నాకు పెన్ను కూడా చేతికివ్వరు."

"చూసింది రాస్తాను. కల్పించను." లైల్ కూడా ఇలాగే, అడిగిందానికల్లా టక్కున జవాబిచ్చేవాడు. జవాబు ఎంత నున్నగా ఉంటే వెల్డాకు అంత చిరాకు.

ఆ మధ్యాహ్నమే కారు తీసి లాంకాస్టర్ వెళ్లింది. బటిస్టా గారిల్లు చిన్న పెంకుటిల్లు, ముందంతా గులకరాళ్లు. తలుపు తీసిన పెద్దావిడ వెల్డా మోచేతి ఎత్తుకు వచ్చింది. ఎవరని అడక్కుండానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, బల్ల ముందు కూర్చోబెట్టి, తమ దేశపు పాన్సిట్ నూడుల్స్ ఒక పళ్లెం నిండా వడ్డించింది.

"తిను. చిక్కిపోయావు."

"మీరు నన్ను చూడ్డం ఇది రెండోసారి."

"మొదటిసారే చిక్కిపోయున్నావు, అమ్మాయ్."

అరవై ఒక్కేళ్ల వెల్డాను అమ్మాయ్ అని పిలిచినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. అయినా కరగలేదు. జేబులోంచి పుస్తకం తీసింది. "మిసెస్ బటిస్టా, డెనీస్ ఒకాంపో మీకు బంధువా?"

"ఒకాంపోలా?" పెద్దావిడ మూతి ముడిచింది. "మా ఊళ్లో ఒకాంపోలకీ మాకూ యాభై ఏళ్లుగా మాటల్లేవు. పంది దగ్గరొచ్చింది గొడవ. ఆ బాత్రూం పిల్ల ఒకాంపోయా? ముందే చెప్పుంటే కౌగిలించుకునేదాన్నే కాదు."

"మరి నాబ్ అంత గట్టిగా కుడికెందుకు తిప్పారు? ఎవరైనా చెప్పారా?"

"ఎవరు చెప్పాలి? ఆ ఎగిరేవాడికి గొంతే లేదు కదమ్మా. గొణుగుతాడు. నేను తిప్పుతాను. ఇంకా గొణుగుతాడు, ఇంకా తిప్పుతాను. ఇంతలో ఢాం అని బాంబు. గుండె ఆగినంత పనై, ఠక్కున ఎడమకి తిప్పేశాను. మళ్లీ వాడి గొణుగుడు. మణికట్టు లాగేసిందనుకో." ముంజేతిని ఎత్తి చూపించింది. అక్కడ నొప్పిపట్టీ అంటించి ఉంది. "ఎంత తిప్పినా సౌండ్ పెరగలేదు. మీ మిషన్ చెడిపోయింది. బస్సులో మావాళ్లందరూ అదే అన్నారు. యాభై డాలర్లు ఇచ్చారని మర్యాదకి ఊరుకున్నాం గానీ."

వెల్డా చేతిలో ఫోర్క్ పళ్లెం మీద ఆగిపోయింది. అది సౌండ్ నాబ్ కాదని వాళ్లకు చెప్పిందెవరు? ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఒక్కతే, ఆ మనిషి ఇప్పుడు వాళ్లింట్లో నూడుల్స్ తింటోంది.

తిరుగుదారిలో ఒక పెట్రోల్ బంకు పక్కన కారు ఆపి, వెనకసీట్లో పడేసిన అభిప్రాయాల కాగితాల కట్ట విప్పింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. నలభై కాగితాల్లో ముప్పై ఒకటి ఒకే మాట చెబుతున్నాయి. సరిగా వినపడలేదు. హీరో నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. సౌండ్ మిషన్ బాగుచేయించండి, దేవుడు మిమ్మల్ని దీవించుగాక. మంగళవారం సాయంత్రం నుంచీ ఆ కట్ట ఆమె దగ్గరే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందని ఒకప్పుడు ఎవరినో వెక్కిరించింది గానీ, ఆ పని ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

చాలాసేపు అక్కడే కూర్చుంది. బర్బాంక్ జనం తెలివిమీరారని కొత్తవాళ్లను తెప్పించింది తనే. ఆ కొత్తవాళ్లకు పాతవాళ్ల ప్రసంగం చదివిందీ తనే. ఎవరినీ నమ్మని మనిషి తనను మాత్రం కళ్లు మూసుకుని నమ్మింది.

నోరు మూసుకోవచ్చు. షో బతుకుతుంది, ఓల్‌స్టెడ్ సంతోషిస్తాడు, ముసలివాళ్లు ఎవరికీ చెప్పరు. లేదా మిషన్ చెడిందని రాయవచ్చు. అప్పుడు హ్రాచ్ నాలుగు తిట్లు తింటాడు. లేదా కౌగిలింత గురించి ఉన్నదున్నట్టు రాసి, అంతటితో ఆగవచ్చు. అందులో ఒక్క అబద్ధం కూడా ఉండదు. డెనీస్ పోతుంది, వెల్డా పేరు ఇంకా పెరుగుతుంది. ఆ మూడో దారి ఎంత తేలిగ్గా మనసులోకి వచ్చిందో చూసుకుని ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

గురువారం పొద్దున మీటింగు గదిలో ఓల్‌స్టెడ్, హ్రాచ్, చానెల్ వాళ్లు నలుగురు ఉన్నారు. బల్ల చివర డెనీస్ కూర్చుంది, రాత్రి నిద్రపోయిన మొహం కాదు. ఓల్‌స్టెడ్ పెన్ను మూత తీసి, "ఊఁ, చెప్పు. ఎవరు?" అన్నాడు.

వెల్డా నిలబడే ఉంది. సిద్ధం చేసుకున్న ప్రసంగమంతా ఎటో పోయింది. "తప్పు నాది" అంది. "ఇంకెవరి కోసం వెతక్కండి."

తర్వాత సూప్ ప్రకటన గురించి, నాబ్ గురించి, ముప్పై ఒక్క కాగితాల గురించి చెప్పింది. హ్రాచ్ ఒక్కసారి నవ్వబోయి గుటక వేశాడు. ఓల్‌స్టెడ్ మొహం ఎర్రబడింది. "వంతెన తీసేయాలని ఎంతమందికి చెప్పానో తెలుసా నీకు? చెయ్యి అబద్ధం ఆడదన్నావు."

"చెయ్యి ఆడలేదు. నేను సరిగా అడగలేదు."

డెనీస్ చిన్న పుస్తకం తీసి, తల వంచుకుని గబగబా ఏదో రాసుకుంటోంది. తన మీదే సాక్ష్యం రాసి పెట్టుకుంటోందనుకుంది వెల్డా. రాసుకోనీ, అర్హురాలినే అనుకుంది.

హాల్లో ముందు నిలబడే పని ఆ రోజుతో పోయింది. విశ్రాంతి తీసుకోమన్నారు. పెద్ద కేకు కోశారు. ఆమె కేకు ముక్కను కాగితం రుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకుని సింకులో పడేసింది, కాసేపు ఏడ్చింది. రెండోసారి పరీక్షను వేరే ఆవిడ నడిపింది, సూప్ ప్రకటనతో సహా. హ్రాచ్ ఫోన్ చేసి చెప్పాడు. "యాభై మూడు, వెల్డా జాన్. పేలుడుకి లేచింది. ఆ పొగరుబోతు మాట్లాడినప్పుడల్లా ముప్పైకి దిగింది. కానీ విచిత్రం విను. గంటసేపట్లో ఒక్కళ్లు కూడా బాత్రూంకి లేవలేదు."

"అబద్ధం."

"నేను లెక్కపెట్టాను. మా బావమరిది మీద ఒట్టు."

షో ఆ శరదృతువులో ఆదివారాలు సాయంత్రం ఏడింటికి రావడం మొదలైంది. వెల్డా చూసింది, తిడుతూనే చూసింది. మొదటివారం వాడి గడ్డాన్ని తిట్టింది. రెండోవారం వాడి నడకను తిట్టింది. నాలుగోవారం హ్రాచ్‌కు ఫోన్ చేసి ఇంతకన్నా వెధవ హీరో టీవీలో పుట్టలేదంది. "మరి ఆపెయ్యి" అన్నాడు హ్రాచ్. "ఆపేస్తాను. ఎప్పుడు పడతాడో చూసి ఆపేస్తాను" అంది.

ఆరోవారం వరద వచ్చింది. ఎవరో ఆనకట్టలో ఎత్తకూడని తలుపు ఎత్తేశారు, పట్నం సగం మునిగింది. సాటిలేనివాడు గంటలో ముప్పావు భాగం ఆ తప్పు ఎవరిదో కనిపెట్టడానికి ఎగిరాడు. ఇంజనీరును కాలరు పట్టుకున్నాడు, మేయర్‌ను నిలదీశాడు, ముసలి కాపలావాణ్ణి ఏడిపించాడు. చీకట్లో తను పరధ్యానంగా లాగింది ఆ తలుపు గొలుసేనని చివరికి వాడికే గుర్తొచ్చింది. వెల్డా టీ నీళ్లు పొయ్యి మీద మరిగి మరిగి అయిపోయాయి. ఆమె లేవలేదు.

ఇళ్లు పోయిన జనమంతా స్కూలు వ్యాయామశాలలో తడిసిన దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. వాడు లోపలికొచ్చి నిలబడ్డాడు. మొదటిసారి గడ్డం కిందికి దిగింది. ఎవరు చేశారో చెప్పమని జనంలోంచి ఎవరో అడిగారు.

"తప్పు నాది" అన్నాడు వాడు, ఎప్పటిలాగే గొంతు పెంచకుండా. "ఇంకెవరి కోసం వెతక్కండి."

డెనీస్ ఆ రోజు పుస్తకంలో ఏం రాసుకుందో వెల్డాకు అర్థమైంది. వాడు తప్పంతా మొదటినుంచీ చెప్పుకురావడం మొదలుపెట్టాడు. వెల్డా రిమోట్ అందుకుని సౌండ్ పెంచింది. వినపడక కాదు.